ఆ కాగితం మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: అయ్యా, మాది గుంటూరు. మా ఆయన మిర్చి యార్డులో హమాలీగా చేసేవాడు. మూడేళ్ళ కిందట ఏటుకూరు బైపాస్ దగ్గర లారీ గుద్ది చనిపోయాడు. ప్లీడరు గారు "ముందు పైసా ఇవ్వక్కర్లేదమ్మా, డబ్బొచ్చాక చూసుకుందాం" అని కేసు వేశారు. ఐదు నెలల కిందట తీర్పొచ్చింది, 11,60,000 రూపాయలు. పిల్లల వాటా ఫిక్సెడ్‌లో వేసి, నా ఖాతాలో 6 లక్షలు వేశారు. ఖాతా తెరిచిన రోజే ప్లీడరు గారి గుమస్తా చెక్కుబుక్కు తీసుకుని నాలుగు ఖాళీ చెక్కుల మీద నాతో సంతకాలు పెట్టించాడు. ఇప్పుడు చూస్తే 3,20,000 లేవు. ఫీజు అన్నారు. రసీదు లేదు. మా ఆయన కూలి తక్కువ లెక్కకట్టారు, హైకోర్టుకు పోవచ్చని ఇంకొకరు చెబితే కేసు కట్ట ఇమ్మని అడిగాను. ఇంకో 25 వేలు ఇస్తేనే ఇస్తానన్నారు. మా తమ్ముడు కంప్లయింట్ పెడదామంటున్నాడు. అది తెలిసి గుమస్తా ఒక కాగితం తెచ్చాడు. సంతకం పెడితే లక్ష వెనక్కి ఇస్తారట. ప్లీడర్ల మీద ప్లీడర్లే విచారణ చేస్తారు, దండగ అంటున్నారు ఊళ్ళోవాళ్ళు. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, ముందు గుమస్తా తెచ్చిన కాగితం సంగతే చెబుతాను. మీ తమ్ముడు ఫోటో తీసి పంపిన ఆ కాగితం చదివాను. అందులో లక్ష ఇస్తామన్న మాట ఎక్కడా లేదు. ఉన్నది ఇదీ: "నేను సదరు అడ్వకేటు గారికి ఒప్పుకున్న ఫీజు తప్ప అదనంగా ఏమీ ఇవ్వలేదు, కేసు కట్ట పూర్తిగా అందినది, గిట్టనివాళ్ళు చెప్పిన మాటలు విని అపోహపడ్డాను." అంటే రేపు మీరు నోరు విప్పితే మీ సంతకమే మిమ్మల్ని అబద్ధాలకోరును చేస్తుంది. పెట్టకండి. ఆయన డబ్బు వెనక్కిస్తానంటే వద్దనకండి, అది మీ డబ్బే. మీ ఖాతాలో జమ చేయమనండి. "ఫలానా తేదీన ఇంత ముట్టినది" అని ఒక్క వాక్యం రాసివ్వండి, అంతకుమించి ఒక్క ముక్క వద్దు.

ఇంకో సంగతి. మీరు కంప్లయింట్ పెట్టాక రాజీ పడ్డారనుకోండి, అంతటితో విచారణ ఆగిపోవాలని లేదు. ఫిర్యాదుదారు వెనక్కి తీసుకున్నా, ఇద్దరూ రాజీపడ్డా, ఆ ఒక్క కారణంతో విచారణ మూసేయకూడదని, దేశంలో ప్లీడర్లందరికీ పై సంస్థ అయిన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్సులోనే రాసి ఉంది. ఈ విచారణ మీకూ ఆయనకూ మధ్య తగవు కాదు. ఇలాంటి మనిషి నల్లకోటు వేసుకోవచ్చా లేదా అని తేల్చేది. మీ రాజీతో ఆ ప్రశ్న తీరదు. గుమస్తాకు అది తెలుసు. అందుకే ఆయన తెచ్చింది రాజీ కాగితం కాదు, అసలు ఏమీ జరగలేదన్న కాగితం.

నేను గుంటూరు కోర్టుల్లో ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. ప్లీడర్లలో దేవుళ్ళనూ చూశాను, మీరు చెప్పిన బాపతునూ చూశాను. ఊళ్ళోవాళ్ళన్నట్టు ప్లీడర్ల మీద విచారణ చేసేది ప్లీడర్లే, నిజం. డాక్టర్ల మీద మెడికల్ కౌన్సిల్లో డాక్టర్లు, ఆడిటర్ల మీద వాళ్ళ ఇన్‌స్టిట్యూట్‌లో ఆడిటర్లే పెద్ద తలకాయలు. లైసెన్సు ఇచ్చే సంస్థే దాన్ని లాక్కునేదీ. దీనివల్ల నష్టాలున్నాయి, నేను కాదనను. ఒక లాభం కూడా ఉంది: ఖాళీ చెక్కు మీద సంతకం ఎందుకు పెట్టించుకుంటారో వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు.

మీ ఉత్తరంలో మూడు సంగతులు కలగలిసి ఉన్నాయి. కట్ట, డబ్బు, ఆయన లైసెన్సు. మూడింటికీ మూడు గుమ్మాలు. మీ తమ్ముడు రాసిన ముసాయిదాలో మూడూ ఒకే పేజీలో ఉన్నాయి కనుకనే ఇంత చెప్పాల్సి వస్తోంది.

కట్ట సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే దానికి గడువు ఉంది. యాక్సిడెంటు నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు 90 రోజుల్లో వేయాలి. మీకు అది దాటింది. సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తారు. మిగిలిన ఆలస్యాన్ని తగిన కారణం చూపితే హైకోర్టు మన్నించవచ్చు. ప్లీడరు గారు కట్ట ఇవ్వకపోవడం తగిన కారణమే, కానీ మీరు అడిగినట్టూ ఆయన ఇవ్వనట్టూ కాగితం ఉండాలి. నోటితో అడిగింది లెక్కలోకి రాదు. అందుకని ఈ వారమే ఆయనకు ఒక ఉత్తరం రాయండి. రెండే కోరికలు: నా కేసు కట్ట ఇవ్వండి, నా తరఫున మీ చేతికొచ్చిన డబ్బుకు లెక్క ఇవ్వండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ అయిన వివరం దాచుకోండి. క్లయింటు అడిగితే లెక్క ఇవ్వడం ప్లీడరు విధి. ఇది ఆయన దయాదాక్షిణ్యం కాదు, రూల్సులో ఉన్నది.

ఫీజు బాకీ ఉందని కట్ట అట్టే పెట్టుకోవచ్చా? కుదరదు. ఇది 2000లో సుప్రీంకోర్టు తేల్చేసిన సంగతి. భోపాల్‌లో ఒక సహకార బ్యాంకుకు పనిచేసిన ప్లీడరు, తనకు 97,100 రూపాయలు ఫీజు రావాలని బ్యాంకు ఫైళ్ళు ఇవ్వనన్నాడు. బాకీ ఉంటే దావా వేసుకో, ఫైళ్ళు మాత్రం తాకట్టు పెట్టుకోవడానికి లేదు అంది కోర్టు. అలా పట్టుకోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని కూడా అంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆయన్ను 18 నెలలు ప్రాక్టీసు నుంచి తప్పించి వెయ్యి రూపాయలు జరిమానా వేస్తే, అప్పటిదాకా చట్టం అంత స్పష్టంగా లేదు కనుక సుప్రీంకోర్టు దాన్ని మందలింపుతో సరిపెట్టింది. ఇప్పుడు స్పష్టంగా ఉంది. మీ ప్లీడరు గారికి ఆ మినహాయింపు వర్తించదు.

ఈలోపు కట్ట కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. మీరు కేసులో పార్టీ. ట్రిబ్యునల్‌లో కాపీ అప్లికేషన్ వేసి తీర్పు, డిక్రీ, సాక్షుల వాంగ్మూలాలు, డబ్బు తీసుకోవడానికి వేసిన చెక్ పిటిషను, దాని మీద ఆర్డరు, అన్నీ మీరే తెచ్చుకోవచ్చు. దానికి ఆయన సంతకం అక్కర్లేదు. డిక్రీ చివర ఖర్చుల పట్టికలో అడ్వకేటు ఫీజు అని ఒక వరస ఉంటుంది, అది కూడా చూడండి. ఆ అంకె పక్కన మీ 3,20,000 పెట్టి చూస్తే చాలు, ఎవరూ మీకు ఏమీ చెప్పక్కర్లేదు. కొత్త ప్లీడరు మీ కేసు తీసుకోవాలంటే పాతాయన అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఇవ్వకపోతే కోర్టు అనుమతి అడిగి మార్చుకోవచ్చు. హైకోర్టులో అప్పీలుకు ఎలాగూ కొత్త వకాల్తానే.

ఇక లైసెన్సు. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. కోర్టు ఆవరణలో ఉండే బార్ అసోసియేషన్ వేరు, బార్ కౌన్సిల్ వేరు. అసోసియేషన్ అంటే ప్లీడర్లు తమలో తాము పెట్టుకున్న సంఘం. దాని ప్రెసిడెంటు మనవాడైతే పిలిచి నాలుగు మాటలు అంటాడు, అంతే. ఎవరి సన్నదునూ, అంటే లైసెన్సునూ, పీకలేడు. ఆ అధికారం 1961 నాటి అడ్వకేట్స్ చట్టం కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌ది. ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు 2019 జనవరి 1న మొదలై, అమరావతికి వచ్చాక ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ కూడా నేలపాడులో హైకోర్టు ఆవరణలోనే ఉంది. మీ అప్పీలు, మీ ఫిర్యాదు రెండూ ఒకే ఊరికి పోతాయన్నమాట.

ఫిర్యాదు తెలుగులో రాయవచ్చు. రాష్ట్ర భాషలో ఇవ్వవచ్చని రూల్సులోనే ఉంది. కేసు ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దాకా పోతే ఇంగ్లీషులోకి తిప్పుకోవడం కౌన్సిల్ పని. పిటిషన్ రూపంలో ఉండాలి, కింద మీ సంతకం ఉండాలి, దాని కింద "పై పేరాల్లోని సంగతులు నాకు తెలిసినంతవరకు నిజం" అన్న వెరిఫికేషను, తేదీ, ఊరు, మళ్ళీ సంతకం. దానికి ఫీజు ఉంది, కట్టిన రసీదు జతచేయాలి. ఎన్ని కాపీలు కావాలో ఆఫీసులో కనుక్కోండి. వెరిఫికేషన్ లేదనో, కాపీలు చాలలేదనో వెనక్కి వచ్చే పిటిషన్లు నా సర్వీసులో లెక్కలేనన్ని చూశాను. మనిషి దుఃఖం పదిహేను పేజీలు రాసి, రెండు లైన్లు మర్చిపోతాడు. ప్లీడరు గారి ఎన్‌రోల్‌మెంట్ నంబరు మీ వకాల్తా మీద ఉంటుంది, అది తప్పకుండా రాయండి. ఒకే పేరుతో నలుగురుంటారు.

మీ తమ్ముడి ముసాయిదా మొదటి పేరా ఇది: "ఆడదాన్ని, మొగుడు పోయినదాన్ని, నా నోటికాడ కూడు లాగేసుకున్న ఈ రాక్షసుణ్ణి కఠినంగా శిక్షించాలని మనవి." చదివితే నాకూ గుండె కలుక్కుమంది. కానీ విచారణకు ఇది పనికిరాదు. దాని బదులు ఇలా రాయండి: "ఫలానా తేదీన నా ఖాతాలో 6,00,000 జమ అయింది. ఫలానా తేదీన ఫలానా నంబరు సెల్ఫ్ చెక్కు మీద 1,20,000, మరుసటి తేదీన ఫలానా నంబరు చెక్కు మీద 2,00,000 తీశారు. ఆ చెక్కుల మీద సంతకం నాది, అంకెలూ తేదీలూ నా చేతిరాత కాదు. ఫీజు ఎంతని నాకూ ఆయనకూ ఎప్పుడూ మాట కాలేదు. ఫలానా తేదీన లెక్క అడిగాను, ఇవ్వలేదు." ఒక్క తిట్టు లేకపోయినా చదివినవాడికి మొత్తం అర్థమవుతుంది.

దీనికి బ్యాంకులో ఒక పని ఉంది, దీన్ని మాత్రం మీ తమ్ముడికి వదిలేయకండి, మీరే వెళ్ళండి. స్టేట్‌మెంటుతో పాటు, చెల్లించిన ఆ చెక్కుల నకలు కావాలని మేనేజరుకు రాసివ్వండి. ముందు వైపు ఒక్కటే చాలదు, వెనక వైపు కూడా అడగండి. సెల్ఫ్ చెక్కు పట్టుకుని కౌంటర్లో డబ్బు తీసుకున్నవాడు చెక్కు వెనక సంతకం చేస్తాడు. ఆ సంతకం గుమస్తాది అయితే, మీ కేసులో అంతకంటే పెద్ద సాక్షి ఇంకెవరూ లేరు.

"వచ్చినదాంట్లో ఇంత శాతం" అని ఫీజు మాట్లాడుకోవడం మన వైపు యాక్సిడెంటు కేసుల్లో మామూలైపోయింది. మామూలైనంత మాత్రాన రూలు మారలేదు. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు ఒప్పుకోకూడదు, వచ్చిన డబ్బులో వాటా పంచుకోకూడదని ప్లీడర్లకు స్పష్టంగా ఉంది. ఫీజు తర్వాత తీసుకుంటాననడం తప్పు కాదు, వాటా తీసుకోవడం తప్పు. డబ్బొచ్చాక చూసుకుందామంటే నేనే సరేనన్నాను కదా, నా మీదకొస్తుందేమో అని మీరు భయపడక్కర్లేదు, ఆ రూలు కట్టేసింది ప్లీడరును. అలాగని ఆయనకు ఏమీ ఇవ్వక్కర్లేదని నేననను. ఇన్నాళ్ళు వాయిదాలకు తిరిగి తీర్పు తెచ్చాడు. న్యాయమైన ఫీజు ఆయనకు రావాలి. అది ఎంతో మీకు చెప్పి, రసీదిచ్చి తీసుకోవాలి.

ఫిర్యాదు అందిన ప్రతిసారీ విచారణ మొదలు కాదు. ముందు కౌన్సిల్ దాన్ని చూసి, ఇందులో దుష్ప్రవర్తన ఉందని నమ్మడానికి కారణం కనబడితేనే క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. చాలా ఫిర్యాదులు ఈ గడప దగ్గరే ఆగిపోతాయి. "నా కేసు ఓడిపోయాడు" అన్న ఫిర్యాదులు ముఖ్యంగా. ఓడిపోవడం నేరం కాదు కదా. మీది అలాంటిది కాదు. కమిటీలో ముగ్గురుంటారు, ఇద్దరు ఎన్నికైన కౌన్సిల్ సభ్యులు, ఒకరు బయటి అనుభవజ్ఞుడైన అడ్వకేటు. మీ ప్లీడరు గారికి నోటీసు పోతుంది, రాష్ట్ర అడ్వకేట్ జనరల్‌కు కూడా పోతుంది. ప్లీడరు జవాబు ఇస్తాడు, దాని కాపీ మీకు అందేలా చూసుకోండి. సాక్షులను పిలిపించడానికి, ప్రమాణం మీద సాక్ష్యం తీసుకోవడానికి, కాగితాలు తెప్పించడానికి ఆ కమిటీకి సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. బ్యాంకు మీకు నకలు ఇవ్వనంటే కమిటీనే తెప్పించమని అడగొచ్చు.

మామూలుగా కాగితాలు, అఫిడవిట్ల మీదే తేలుస్తారు. అవసరమనుకుంటే మిమ్మల్ని అడ్డుప్రశ్నలు అడగనిస్తారు. అప్పుడు వచ్చే ప్రశ్నలు నేనిప్పుడే చెప్పగలను. "సంతకం మీదేనా?" నాదే అనండి, కాదనకండి. "ఎవరైనా బలవంతం చేశారా?" చేయలేదు, నమ్మి పెట్టాను అనండి. "ఇంతకాలం ఎందుకు ఊరుకున్నారు?" బ్యాంకు స్టేట్‌మెంటు చూసేదాకా నాకు తెలియదు అనండి, అదే నిజమైతే. నిజం కానిది ఒక్కటి చెప్పినా మిగతా తొంభై తొమ్మిదీ పోతాయి. ఒకరి సన్నదు పోయే విచారణ కనుక అనుమానంతో శిక్ష వేయరు, గట్టి రుజువు అడుగుతారు.

రుజువైతే కమిటీ చేతిలో ఉన్నవి మందలింపు, కొంతకాలం ప్రాక్టీసు నుంచి సస్పెన్షను, లేదా ప్లీడర్ల జాబితా (రోలు) నుంచి పేరు తీసేయడం. సస్పెండైన కాలంలో దేశంలో ఏ కోర్టులోనూ నిలబడలేడు. మీకు నచ్చని ఆర్డరు వస్తే 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, అక్కడి నుంచి మరో 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు ఉంది. ఈ హక్కు ఆయనకే కాదు, మీకూ ఉంది. ఒక పాత కేసు చూడండి. వయసు మీరిన జంట, భర్తకు చెవుడు. ప్రోనోట్ల మీద దావాలు వేయమని ప్లీడరుకు కోర్టు ఫీజు డబ్బులిస్తే, ఆయన దావాలు వేయలేదు. రాష్ట్ర కమిటీ ఆరేళ్ళు సస్పెండ్ చేసింది, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దాన్ని ఏడాదికి తగ్గించింది, 1978లో సుప్రీంకోర్టు తప్పు తప్పేనని చెబుతూనే శిక్షను ఇంకా తగ్గించి ఏడాదిపాటు పేదలకు ఉచితంగా కేసులు చేయమంది. అంచేత మొదటి ఆర్డరు చూసి పండగ చేసుకోకండి. పై మెట్ల మీద శిక్ష కరుగుతూ పోవచ్చు.

ఎంతకాలం? ఏడాదిలో ముగించాలని చట్టం. ముగియకపోతే కేసు తనంతట తానే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. ఇలా బదిలీలు పేరుకుపోతున్నాయని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టిగానే మాట్లాడి, రాష్ట్ర కౌన్సిళ్ళు ఏడాదిలోపే తేల్చాలని చెప్పింది. మీరు మాత్రం ఫిర్యాదు అందిన తేదీ ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. ఆ ఏడాది లెక్క దాన్నుంచే.

ఇన్ని చేసినా కమిటీ మీ 3,20,000 ఇప్పించదు. విచారణ ఖర్చులు ఇప్పించే వీలు తప్ప నష్టపరిహారం దాని పని కాదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామని మీ తమ్ముడు రాశాడు. ఆ తలుపు 2024 మే 14న మూసుకుంది. ప్లీడర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బుకు సివిల్ దావా ఉంది, మూడేళ్ళ గడువు. చెక్కు వెనక సంతకం మీరనుకున్నట్టే ఉంటే నమ్మకద్రోహం కింద పోలీసు కేసు కూడా ఉంది, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను. పోలీసు స్టేషన్లో "ఇది సివిల్ తగాదా, పోండమ్మా" అనే అవకాశం ఎక్కువ. అప్పుడు ఎస్పీ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ మూడు దారుల్లోనూ మీరు రాసే కథ ఒకటే ఉండాలి, తేదీలు, అంకెలు తేడా రాకూడదు. ఒకచోట 3,20,000, ఇంకోచోట మూడున్నర అని రాస్తే అవతలివాళ్ళు పట్టుకునేది ఆ ముప్పై వేల తేడానే.

వీటన్నిటికీ ప్లీడరును పెట్టుకోవాలంటే మళ్ళీ డబ్బు, మళ్ళీ నమ్మకం కదా అని మీరనుకుంటూ ఉంటారు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు, 1987 చట్టంలోని 12వ సెక్షను. గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్ళి తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వండి. ఫోన్లో అడగాలంటే 15100. హైకోర్టు అప్పీలుకూ వాళ్ళ ద్వారా ప్లీడరును ఇస్తారు.

నేను కోర్టు ఉద్యోగినై ఉండి కూడా ఒకసారి మా ఇంటి దస్తావేజులు ఒరిజినల్స్ ఒక పెద్దమనిషి చేతిలో రసీదు లేకుండా పెట్టి, ఎనిమిది నెలలు ఆయన గుమ్మం చుట్టూ తిరిగాను. రోజూ పదిమందికి "జిరాక్స్ ఉంచుకోండి" అని చెప్పే నోరే ఇది. కనుక ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి. మిగిలిన ఖాళీ చెక్కులు ఆయన దగ్గరే ఉంటే మాత్రం రేపు పొద్దున బ్యాంకు తెరవగానే వాటి నంబర్లు రాసిచ్చి పేమెంటు ఆపించండి. ఉత్తరం, కాపీ అప్లికేషను, అన్నీ దాని తర్వాతే.

ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళే రోజున ఒక్క జాగ్రత్త. మన గుంటూరు పక్కన నల్లపాడు ఉంది, అమరావతిలో ఉన్నది నేలపాడు. బస్సులో, ఆటోలో హైకోర్టు అని చెప్పండి. పోయిన వేసవిలో ఒకాయన కాగితాల సంచీతో నల్లపాడు రైల్వే స్టేషన్ దగ్గర దిగి నాకు ఫోన్ చేశాడు, హైకోర్టు ఎటు సార్ అని.